జేబున్న బొంత

మాల్యాద్రి కొట్టు మూసే వేళకి
సంచితో వెళ్లి నిలబడతాను.
కత్తిరింపులన్నీ కాలితో ఒక మూలకి నెట్టి
"తీసుకోక్కా, నీ బంగారం" అంటాడు.
బడిపిల్లల గౌన్ల గళ్లు,
పెళ్లి జాకెట్టు చంకముక్క,
ఎవరి ప్యాంటో పొట్టి చేయగా మిగిలిన
రెండు కాళ్ల చుట్లు.
వేళ్ల మధ్య నలిపితే తెలిసిపోతుంది.
నూలైతే ముడత పడి అలాగే ఉంటుంది,
పాలిస్టరు ఏమీ జరగనట్టు లేచి నిలబడుతుంది.
దాన్ని అక్కడే వదిలేస్తాను.

పొగాకు సీజనంతా
కందుకూరు గ్రేడింగు షెడ్డులో నా కూర్చునే చోటు మారదు.
పండు రంగు ఒక కుప్ప, మాడింది ఒక కుప్ప,
పచ్చి మిగిలింది ఇంకో కుప్ప.
సీజనయ్యాక ఈ చేతులు ఊరుకోవు.
ఇంట్లో నాకు సూపర్‌వైజరు లేడు.
పచ్చ పక్కన ఎరుపు పెడితే
అడిగేవాడు లేడు.

మిద్దె మీద పాత చీర పరుస్తాను.
చీరాల నూలైతే సూది వెన్నలో దిగినట్టు దిగుతుంది.
మా చిన్నాడబిడ్డ ఇచ్చిన మిల్లు చీర జారుతుంది.
దాని మీద నాకు ఎంత నమ్మకమో
ఇచ్చినామె మీదా అంతే.
నాలుగు మూలలా నాలుగు చీమకుర్తి రాళ్లు,
ఏ దేశంలోనో ఎవరి వంటింటికో పోయిన
నల్లటి పలకల చివర్లు.
అవి లేకుంటే సాయంత్రం సముద్రపు గాలికి
నా బొంత పామూరు దాకా పోయేది.

మొదటి కుట్టు అంచున కాదు, నడుమ పడాలి.
ఇది మా అమ్మ నేర్పింది కాదు,
ఆమెకి గుండీ కుట్టడం కూడా రాదు.
నాలుగు బొంతలు ముద్దలు కట్టాక
నాకే తెలిసొచ్చింది.
అంగుస్తాను కొన్నాను గానీ పెట్టుకోను.
పొగాకు జిగురుకి నల్లబడ్డ ఈ వేలు చాలు.

కళ్లే మొరాయిస్తున్నాయి.
పక్కింటి నసీమా బడికి పోయేముందు
పది సూదులకి దారం ఎక్కించి
గోడ క్యాలెండరుకి వరసగా గుచ్చిపోతుంది.
పది సూదులకి ఒక శనగుండ.
ఆరో తరగతికొచ్చాక రేటు పెంచింది,
ఇప్పుడు రెండు.

ఎలక్షన్లయిన నెల గుడ్డకి కరువుండదు.
రెండు పార్టీల జెండాలూ ఉతికి
గుర్తులు లోపలికి మడిచి
పాదాల వైపు పక్కపక్కన కుట్టేశాను.
ఇప్పటిదాకా గొడవేం లేదు.

ఒకసారి తొందరలో
చొక్కా జేబు విప్పకుండా అతికేశాను.
చూసుకునేసరికి చుట్టూ నాలుగు వరసలు పడిపోయాయి.
ఇంకెవరికీ ఇవ్వలేక
పొగాకు గోడౌను కాపలా పెంచలయ్యకిచ్చాను.
వారం తిరక్కుండా వచ్చాడు.
"వొదినా, ఆ జేబు ఎంత పని చేస్తందో!
తాళాలందులోనే, వక్కపొడందులోనే,
చీకట్లో తడిమితే చేతికొస్తన్నాయి."
అప్పట్నించి అడగనివాళ్లకీ జేబు పెడుతున్నాను.
ఒకాయన చెవి మిషను వేసుకుంటాడట.
ఒక బాలింత పిల్లాడి టోపీ.
బస్టాండు దగ్గర పూలమ్మే రవణమ్మ
ఏం దాచుకుంటుందో చెప్పలేదు,
నవ్వి మూర వేసింది.

ఇవాళ్టికి చాలనుకుని
రాళ్లు తీసి, సూదులు లెక్కపెడితే
తొమ్మిదే వచ్చాయి.
వెలుతురు పోతోంది.
కింద నుంచి ఆయన కేక, అన్నమెప్పుడని.
సూది దొరికాకే అన్నాను.
అరచెయ్యి ఆనించి
ముక్క ముక్కా నిమురుతున్నాను.
గౌను గళ్లు, చంకముక్క, జెండా మడత,
ఇంకా నోరు తెరవని కొత్త జేబు.
గుచ్చుకుంటే దొరికినట్టు.
అంత తొందరేం లేదు.